కోతలయ్యాక ఓసారి

అమ్మాయ్,

మొన్న ఫోన్లో వ్యవసాయ వార్తలు రాయడం గురించి నువ్వడిగినదానికి ఏదో చెప్పి తప్పించుకున్నాను. పక్కనే మీ పెద్దమ్మ కూర్చుని, పిల్లని బెదరగొట్టకండి అని కళ్ళతోనే గదమాయిస్తోంది మరి. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. బాపట్లలో నాలుగేళ్ళూ చదివి పీజీకి విస్తరణ విద్య తీసుకున్నానని, అందులోనూ వ్యవసాయ జర్నలిజం మీదే మనసుందని చెబితే మీ మేనత్త "ఎరువులూ పురుగులూ అన్నీ చదివి చివరికి పేపర్లో రాస్తావుటే!" అందన్నావు. మీ నాన్న పైకి ఏమీ అనలేదు గానీ, వ్యవసాయాధికారి పోస్టుల నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందా అని రోజూ చూస్తున్నాడట. వాడి తప్పు లేదు. కూతురు మండలానికి వ్యవసాయాధికారి అయితే ఏ తండ్రికి చేదు? ఆ పరీక్ష కూడా రాయి. రాస్తూనే నీకిష్టమైనది చదువు. ఇది నిన్నా ఇవాళా పుట్టిన చదువు కాదని మేనత్తకి చెప్పు. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం 1908లోనే వ్యవసాయ జర్నలిజానికి ప్రత్యేకంగా ఓ విభాగం పెట్టింది. అప్పటికి మన బాపట్ల కాలేజీ పుట్టడానికే ఇంకా 37 ఏళ్ళుంది.

నేను వ్యవసాయం చదవలేదు. నాది బీకాం. ముప్పై రెండేళ్ళు ఓ పేపర్లో వ్యవసాయ పేజీ చూశానంటే అది మా తాత పెట్టిన భిక్ష. 1969లో ‘అన్నదాత’ పత్రిక మొదలైనప్పుడు నేను చిన్న క్లాసుల్లో ఉన్నాను. తాతకి చదువు రాదు. రాత్రి అన్నాలయ్యాక నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకుని ఆ పుస్తకమో, వ్యవసాయాఫీసు వాళ్ళు పంచిన కరపత్రమో చదివించుకునేవాడు. నేను గడగడా చదువుకుపోతుంటే మధ్యలో చెయ్యెత్తి ఆపేవాడు. ఆయనకి అర్థం కాక ఆపుతున్నాడనుకునేవాణ్ణి. నమ్మకం కుదరక ఆపేవాడని తర్వాత తెలిసింది. ఓసారి ఏదో కరపత్రంలో "తగినంత తేమ ఉన్నప్పుడు విత్తవలెను" అని ఉంది.

"తగినంతంటే ఎంతరా?" అన్నాడు.

నాకేం తెలుసు! ఆయనే లేచి పెరట్లోంచి పిడికెడు మట్టి తెచ్చి, పిసికి ముద్ద చేసి, వేలితో తట్టాడు. ముద్ద విడిపోయింది. "ఇదిగో, ఇలా ముద్దవ్వాలి, తడితే విడిపోవాలి. ఇంతే కదా, ఈ ముక్క రాస్తే వాళ్ళ సొమ్మేం పోయింది? రాసినాయన చేలో దిగినట్టు లేదు" అన్నాడు. నాకు దొరికిన మొదటి సబ్ ఎడిటర్ ఆయనే.

నువ్వూ రాసింది రాసినట్టు కంప్యూటర్లోంచి పంపించెయ్యకు. ముందు ఎవరికైనా పైకి చదివి వినిపించు. మీ హాస్టల్ మెస్సులో వంట చేసే ఆవిడకి అరెకరం ఉందన్నావు కదా, ఆవిడకి వినిపించు. ఎక్కడ ఆవిడ చూపు పక్కకి పోతుందో అక్కడ నీ వాక్యం చచ్చిందన్నమాట.

మాటల సంగతి ఇంకాస్త చెప్పాలి. నాకున్న చాదస్తం ఇదొక్కటే, భరించు. మిరప చేలో ఆకు ముడుచుకుంది. కొత్తగా వచ్చిన విలేకరి "మిరపలో ఆకుముడత, రైతుల ఆందోళన" అని హెడ్డింగు పెట్టి పంపించేస్తాడు. కానీ ఏ ముడత? మనవాళ్ళు పై ముడత, కింద ముడత అని వేరువేరుగా పిలుస్తారు. తామర పురుగు రసం పీల్చిన ఆకు అంచులు పైకి లేచి దోనెలా తిరుగుతుంది. నల్లి పట్టిన ఆకు కిందికి ముడుచుకుని తిరగేసిన పడవలా కనిపిస్తుంది. మామూలు పురుగు మందుతో నల్లి చావదు, దాని మందులు వేరు. వార్తలో ఆ ఒక్క మాట పోతే రైతు కొట్టుకెళ్ళి, కొట్టువాడు ఏ డబ్బా చేతిలో పెడితే అది తెచ్చి కొడతాడు. మూడు రోజులాగి ఇంకోటి కొడతాడు. 2021లో మన మిరప తోటల మీద కొత్తరకం నల్ల తామర పురుగు విరుచుకుపడింది చూడు, పూలలో చేరి పూత మొత్తం రాల్చేసింది. అప్పుడు ఎన్ని మందులు ఎన్ని తడవలు కొట్టారో లెక్క లేదు. ఆ రోజుల్లో రైతుకి కావలసింది "ఆందోళన" అనే మాట కాదు తల్లీ. ఆందోళన వాళ్ళ దగ్గర కావలసినంత ఉంది. పువ్వు తుంచి తెల్లకాగితం మీద దులిపితే ఏం రాలుతుందో చూడమని రాసినవాళ్ళు ఒకరో ఇద్దరో.

రైతు వాడే పేరుకీ పుస్తకంలో పేరుకీ మధ్య నువ్వు నిలబడతావు. రెండూ రాయి. వరిలో కాండం తొలుచు పురుగు అని పుస్తకం అంటుంది, మొవ్వు చచ్చిపోయిందని రైతంటాడు, అదే పురుగు ఈనిక దశలో వస్తే తెల్లకంకి అంటాడు. మూడూ కలిపి ఒక్క వాక్యంలో చెబితే చదివినవాడికి గొలుసు దొరుకుతుంది. కొత్త పురుగొస్తే పేరు కూడా మనమే వెతుక్కోవాలి. 2018లో మొక్కజొన్న మీదికి అమెరికా పురుగొచ్చి పడితే కత్తెర పురుగన్నారు. ఆ పేరు ఇంగ్లీషు పేరుకి అనువాదం కాదు, అయినా ఊళ్ళో నిలబడింది. ఎందుకు నిలబడిందో నీ థీసిస్‌లో ఎక్కడైనా నాలుగు పేజీలు రాస్తే సంతోషిస్తాను.

లెక్కలు. బీకాం చదివినందుకు నాకు కలిసొచ్చింది ఇక్కడే, అయినా తప్పు చెయ్యబోయాను. చేరిన కొత్తలో ఓ శాస్త్రవేత్త ఇంగ్లీషు వ్యాసాన్ని తెనిగించాను. వేరుశనగలో ఊడలు దిగే వేళ జిప్సం వెయ్యాలని విషయం. వ్యాసంలో 500 కిలోలని ఉంది, నేనూ 500 అనే వేశాను, కాకపోతే అలవాటుకొద్దీ ముందు "ఎకరాకు" అని తగిలించాను. అక్కడున్నది హెక్టారు. అంటే రెండున్నర ఎకరాలు. ఎకరాకి వెయ్యాల్సింది 200 కిలోలు. రాత్రి పదకొండింటికి పేజీ వెళ్ళిపోతుండగా మా పెద్ద ప్రూఫ్‌రీడర్ గారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, "బాబూ, మా నాన్న నాలుగు బస్తాలు వేసేవాడు. నువ్వు పది వేయిస్తున్నావేంటి?" అన్నారు. ఆయన వేరుశనగ పండించే ఊరివాడు కాబట్టి సరిపోయింది. జిప్సం ఎక్కువైతే కొంపలంటుకోవనుకో, డబ్బు దండగ. అదే కలుపుమందైతే? కాబట్టి నీ బల్ల మీద అద్దం కింద ఓ కాగితం పెట్టుకో. హెక్టారుకి 2.47 ఎకరాలు. తెలంగాణలో ఎకరాకి 40 గుంటలు, మన దగ్గర 100 సెంట్లు. మందు లీటరు నీళ్ళకి ఇన్ని మిల్లీలీటర్లని మీ పుస్తకం చెబుతుంది, రైతు లెక్క మాత్రం ట్యాంకుకి. ఇరవై లీటర్ల ట్యాంకయితే ఎకరాకి పది ట్యాంకులు. ఆ గుణకారం నువ్వు చేసి పెట్టు, గట్టు మీద చేతికి మందు అంటుకున్న మనిషి చేత చేయించకు.

ఇక అసలు సంగతి. ఇది రాయడానికే కూర్చున్నాను, ఇంతసేపూ పక్కదార్లు తిరిగాను.

నీకు ఊహ తెలియని రోజుల్లో మన జిల్లాల్లో ఈము పక్షుల పిచ్చి పట్టింది. ఆస్ట్రేలియా పక్షి, మనిషెత్తుంటుంది, ఎగరలేదు. చిలకలూరిపేట అవతల ఒక రైతు నలభై జతలు పెట్టాడని తెలిసి వెళ్ళాను. మంచి మనిషి. కంచె పట్టుకు నిలబడి అన్నీ వివరంగా చెప్పాడు. ముదురాకుపచ్చ గుడ్డు చేతిలో పెట్టాడు, అరకిలో పైనే ఉంది. నూనె కీళ్ళనొప్పులకి పనికొస్తుందట, మాంసంలో కొవ్వు తక్కువట, తోలుకి గిరాకీ అట. నోట్‌బుక్కు నిండిపోయింది. "పిల్లల్ని ఎవరికి అమ్ముతున్నారండీ?" అని అడిగాను. "కొత్తగా ఫారాలు పెట్టేవాళ్ళకి. జత వేలల్లో పలుకుతోంది" అన్నాడు. రాసుకున్నాను. ఆ నోట్‌బుక్కు ఇప్పటికీ ఉంది. ఆ ముక్క కింద సగం పేజీ ఖాళీ. మరి ఆ కొత్తవాళ్ళు ఎవరికి అమ్ముతారని అడగలేదు. బీకాం చదివినవాణ్ణి, ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ పక్షిని కోసి కూరొండుకునే ఇల్లు నాకు ఒక్కటీ తెలియదు, అది కూడా తోచలేదు.

ఆదివారం పేజీలో పై సగం నా వ్యాసమే. "ఈముతో ఇంట సిరులు" అని హెడ్డింగు, పెట్టింది నేనే. వారం రోజులు ఆఫీసుకి ఫోన్లే ఫోన్లు. ఫారం చిరునామా చెప్పమని కొందరు, పిల్లలు ఎక్కడ దొరుకుతాయని కొందరు. ఆ రైతు ఆనందం పట్టలేక నాకో గుడ్డు పంపించాడు. మీ పెద్దమ్మ దాన్ని షోకేసులో పెట్టింది.

ఆ తర్వాత ఏమైందో నీకు తెలుసు కదా, పాఠంలో కూడా చెప్పి ఉంటారు. పిల్లల్ని కొనే కొత్తవాళ్ళు ఉన్నన్నాళ్ళూ పాతవాళ్ళకి డబ్బొచ్చింది. కొత్తవాళ్ళు ఆగిపోయారు, ధర ఆగిపోయింది. మాంసానికి బజారు ఏనాడూ లేదు. పక్షి మాత్రం రోజూ తింటుంది. మేత పెట్టలేక కంచె తలుపులు తెరిచి వదిలేసినవాళ్ళున్నారు. ఇవన్నీ జరుగుతున్నప్పుడు నేను మామిడి పూత గురించీ, కౌజు పిట్టల గురించీ వ్యాసాలు రాసుకుంటున్నాను. ఒకరోజు రోడ్డు పక్కన టీ బంకు దగ్గర ఆగితే ఒకతను నన్ను పోల్చుకుని, "మీ పేపర్లో చూసే పెట్టానండీ" అన్నాడు. కోపంగా అనలేదు. నా టీ డబ్బులు కూడా అతనే ఇచ్చాడు.

అందుకే చెబుతున్నాను. ఎవరి చేను గురించి రాశావో ఆ చేనుకి రెండోసారి వెళ్ళు. మనవాళ్ళంతా పంట నిండుగా ఉన్నప్పుడు ఫోటోకి వెళతాం. కోతలయ్యాక, అమ్మకాలయ్యాక, అప్పులవాడు వచ్చి పోయాక ఎవరూ వెళ్ళరు. వ్యాసం అచ్చయిన రోజే దాని కింద "మళ్ళీ ఎప్పుడు" అని తేదీ వేసుకో. డ్రాగన్ ఫ్రూట్ తోట గురించి రాశావనుకో, సిమెంటు స్తంభాలకీ మొక్కలకీ మొదట్లోనే బోలెడు ఖర్చవుతుంది, కాపు నిలదొక్కుకోవడానికి ఏళ్ళు పడుతుంది. నాలుగో ఏట వెళ్ళి అదే మనిషిని అదే గట్టు మీద నిలబెట్టి మాట్లాడు. తోట తీసేసి ఉంటే అది ఇంకా మంచి వ్యాసం. అది వేసుకోవడానికి ఎడిటర్లు మొహం చిట్లిస్తారు, నాకు తెలుసు. నువ్వు యూట్యూబ్ చానల్ పెట్టుకున్నా అంతే, "ఎకరాకు పది లక్షలు" అనే బొమ్మ పెట్టిన వీడియో ముందు నీది వెలవెలబోతుంది. పోనీ.

ఆదాయం అని రైతంటే లాభం అని రాసుకోకు. కౌలు తీశాడా, ఇంటిల్లిపాదీ చేసిన పనికి కూలి కట్టాడా, వడ్డీ ఎంత, అడుగు. గుంటూరు యార్డులో మిర్చి గరిష్ఠ ధర ఇంత అని పేపర్లో పెద్దక్షరాలతో వేస్తారు. ఆ ధర పలికింది ఏ రెండు లాట్లకో. మిగతా బస్తాలు దాని కిందెక్కడో అమ్ముడుపోతాయి, తాలు కాయ సంగతి చెప్పనే అక్కర్లేదు. మర్నాడు ఊళ్ళో రైతు భార్య పేపరు చూసి "నువ్వు ఇంతకే ఇచ్చొచ్చావా?" అని మొగుణ్ణి నిలదీస్తుంది. ఆ తగువుకి కారణం మనం.

అమెరికాలోని అయోవా మొక్కజొన్న కథ మీకు మొదటి సెమిస్టర్లోనే చెప్పేసి ఉంటారు. సంకర విత్తనం 1928లో వచ్చింది. రయన్, గ్రాస్ అనే ఇద్దరు 259 మంది రైతుల్ని కలిసి, ఎవరు ఎప్పుడు వేశారు, ఎందుకు వేశారని అడిగి 1943లో అచ్చేశారు. 1941 నాటికి ఇద్దరు తప్ప అందరూ ఆ విత్తనంలోకి మారిపోయారు. పరీక్షకి ఎప్పుడు ఎంతమంది మారారో చూపే ఆ వంపు గీత వేసి, ఐదు రకాల రైతుల పేర్లు రాస్తే మార్కులొస్తాయి. నన్ను మాత్రం అందులో ఇంకో సంగతి పట్టుకుంది. కబురు ముందు మోసుకొచ్చింది విత్తనాలమ్మేవాళ్ళు. నమ్మించింది పక్క చేను రైతు. ఆ గీతని లోకమంతటికీ చెప్పిన ఎవరెట్ రోజర్స్ వాళ్ళ నాన్న కూడా అయోవా రైతే, ఆ విత్తనం వద్దని భీష్మించుకున్నాడు. 1936 కరువులో పక్కవాడి సంకర మొక్కజొన్న నిలబడి, తన చేను వాడిపోయాక గానీ మారలేదు. కొడుకేమో 1962లో దాని మీద పుస్తకం రాసి పేరు తెచ్చుకున్నాడు. నువ్వు ఎంత బాగా రాసినా పక్క చేను రైతు తర్వాతే. అది తెలిసి రాస్తే గొంతులో కాస్త వినయం వస్తుంది.

అలాగని మన మాట గాలికి పోతుందనీ కాదు. తంజావూరులో 1960లలో ఏడీటీ-27 వరి గురించి రేడియోలో విని వేసిన రైతులు దానికి రేడియో వరి అని పేరు పెట్టుకున్నారు. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు పక్కకి పోయింది.

రేడియో అంటే గుర్తొచ్చింది, వీలు చూసుకుని జహీరాబాద్ దగ్గర మాచనూరు వెళ్ళిరా. అక్కడి సంఘం రేడియో 2008 నుంచి నడుస్తోంది, నడిపేది ఆ ఊళ్ళ దళిత మహిళలు. జొన్నలు, కొర్రలు, సామలు, పాత విత్తనం ఎలా దాచాలి, అన్నీ వాళ్ళ యాసలోనే. విశ్వవిద్యాలయం నుంచి పల్లెకి సమాచారం చేరవేయడం అని మీరు కాగితాల్లో రాస్తారే, అక్కడ ఆ బాణం గుర్తు ఎటు గీయాలో తెలియక కాసేపు తికమకపడతావు. పడాలి. మన పేజీలో విత్తనం గురించి మాట్లాడే ఆడమనిషిని నేను ముప్పై రెండేళ్ళలో పది సార్లు కూడా వెయ్యలేదేమో. ఫోటోలో మొగుడు నిలబడతాడు, వెనకాల కలుపు తీస్తున్నది ఆవిడ.

కౌలు రైతుని మర్చిపోకు. పచ్చిరొట్ట వేసి దున్నండి, భూమి బాగుపడుతుంది అని మనం ఏటా రాస్తాం. మంచి మాటే. వచ్చే ఏడు ఆ చేను తనకి ఉంటుందో లేదో తెలియనివాడు ఎవరి భూమిని బాగుచేస్తాడు? మన చుట్టుపక్కల పొలాల్లో సగం మంది అలాంటివాళ్ళే కనిపిస్తారు. పల్లెలో ఉండి పని నేర్చుకునే రావెప్‌కి నువ్వు వెళ్ళిన ఊళ్ళో నీకు మజ్జిగిచ్చి కూర్చోబెట్టింది ఎవరో గుర్తుచేసుకో. పొలం సొంతదారా, దున్నేవాడా?

పురుగు మందు కంపెనీ ప్రకటన కిందనే పురుగు గురించి నీ వ్యాసం వస్తుంది. దాని గురించి పెద్ద మాటలు చెప్పను, నేనూ ఆ డబ్బుతో వచ్చిన జీతమే తీసుకున్నాను. ఒక్క కట్టుబాటు పెట్టుకున్నాను, నువ్వూ పెట్టుకో. కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు రాయి, మందు అక్కర్లేని దశ ఉంటే అది ముందు రాయి. వాళ్ళు ఖర్చు పెట్టి తీసుకెళ్ళే క్షేత్ర ప్రదర్శనకి వెళ్ళినా, తిరిగొచ్చేటప్పుడు కారు ఆపించి పక్క చేనులో ఇంకొకరితో మాట్లాడు.

చదువు సంగతి నాకంటే మీ మేడమ్‌లకే బాగా తెలుసు. డిగ్రీలో జర్నలిజం మూడు క్రెడిట్ల ఎలక్టివ్, రెండు థియరీ ఒకటి ప్రాక్టికల్, దాంతో రాయడం రాదని నువ్వే అన్నావు. రాదు. కానీ కీటకశాస్త్రం, సస్యశాస్త్రం, ఆ విసుగు పుట్టించే గణాంకాలు, ఇవే నీ ఆస్తి. పరిశోధన స్థానంలో వచ్చిన దిగుబడికీ రైతు చేలో వచ్చినదానికీ తేడా ఎందుకొస్తుందో నువ్వు సైంటిస్టుని అడగగలవు. నేను అడగలేక తల ఊపేవాణ్ణి. వాళ్ళు "ఈ రకం తెగుళ్ళను తట్టుకుంటుంది" అంటే ఏ తెగులు, ఎన్ని చోట్ల చూశారు, ఎన్నేళ్ళు చూశారు అని అడుగు. చిరాకుపడితే పడనీ, మర్యాదగానే అడుగు.

సంక్రాంతికి వస్తావు కదా. కనుమ మర్నాడు ఖాళీ ఉంచుకో. ఆ ఈము రైతు ఇప్పుడు గేదెలు పెట్టుకున్నాడని విన్నాను, కంచె మాత్రం అలాగే ఉందట. ఇన్నేళ్ళలో నేను ఆ ఊరి మీదుగా ఎన్నోసార్లు పోయాను గానీ ఆగలేదు. ఇద్దరం బండి మీద వెళ్దాం. నోట్‌బుక్కు నువ్వు పట్టుకో. గేటు దాకా వచ్చి నేను ఏదో వంకతో వెనక్కి తగ్గుతానేమో, నువ్వు మాత్రం ఆగకుండా లోపలికి నడువు.

మీ పెదనాన్న